ధూమపురిలో గట్టుదొర వేషం

గంప ఊగింది. గంపలో నక్కిన మోదుగన్న ప్రాణం అంతకంటే ఎక్కువ ఊగింది.

ఆకాశంలో గొలుసు. గొలుసుకు వరసగా వేలాడే ఇనుపరాతి గంపలు. ఆ గంపలన్నీ పోయి పోయి చేరేది ధూమపురి మహాకొలిమి నోట్లోకి. నోరంటే మాటవరసకు అన్న నోరు కాదండోయ్, నిజంగా నోరే! కొలిమిలో చతికిలబడి కూర్చున్న పొగరాయుడనే భూతం, వచ్చిన గంపను వచ్చినట్టే ఒంపుకుని, పేలాలు నమిలినట్టు కరకర నమిలేస్తున్నాడు. మోదుగన్న గంపకు ముందు ఇంకా పదకొండు గంపలున్నాయి. కాదు, పది.

“అవ్వా! ఎక్కే చోటు చెప్పావు గాని దిగే చోటు చెప్పలేదేమే!” అని పళ్ళు నూరాడు మనవాడు.

మోదుగన్నది తేనెగట్టు. కొండచరియల మీద తాళ్ళకు వేలాడి తేనెపట్లు కోసుకు బతికే గట్టుజనంలో పుట్టినవాడు. మూడు రోజుల కిందట ధూమపురి నుంచి దండోరా వచ్చింది: “నౌకోత్సవం మర్నాటి నుంచి తేనెగట్టును పొగరాయుడికి మేతగా నిర్ణయించడమైనది. గట్టు మీద కాపురమున్నవారు తమ కాపురాలు ఎక్కడ పెట్టుకుంటారో తామే చూసుకోవలెను.” ఎంత మర్యాద చూశారూ! మూడువందల గడపలు, తేనెచరియ, ఏడు ఊటలు, అన్నీ ఒక్క దండోరాతో మేతైపోయాయి.

గట్టుకు పెద్దదిక్కు తుమ్మెదవ్వ మనవణ్ణి పక్కకు పిలిచింది. “ఒరే మోదుగూ, ఆ భూతాన్ని కట్టింది ఇనుప సంకెళ్ళు కాదురా, మాట. నలభయ్యేళ్ళ కిందట మంత్రగాడు యంత్రభైరవుడు గట్టెక్కి, మా నాయన కాళ్ళు పట్టుకుని తీసుకుపోయిన మాట. ఏటేటా వాళ్ళ రాజు ఓడ దిగే తంతు జరపాలి. ఒడ్డున నిలబడ్డ గట్టుదొర ఏమడిగితే అది ఇస్తానని దిగాలి. ఇచ్చిన మాట నిలబడినన్నాళ్ళూ పొగరాయుడు వాళ్ళకు చాకిరీ చేస్తాడు. తప్పిన ఘడియన వాడి దారి వాడిది. పో. ఈ ఏడు గట్టుదొర చోట నువ్వు నిలబడు. ఉప్పడగొద్దు. గట్టడుగు.”

చెప్పడం తేలికే. గట్టువాడు ధూమపురి గడప తొక్కితే పట్టుకుని చచ్చేదాకా కొలిమితిత్తులు తొక్కించాలని ఇరవై రెండేళ్ళుగా శాసనం. కోటకు నాలుగు ద్వారాలూ మూసే ఉంటాయి. తెరిచి ఉండేది ఒక్క భూతం నోరే. అందుకే ఈ గంప ప్రయాణం.

ఇంకా అయిదు గంపలు. వేడికి కనుబొమలు చుర్రుమన్నాయి. మోదుగన్న నడుముకు చుట్టుకున్న తేనెతాడు విప్పి, ఒక కొస గొలుసుకు ముడేసి, ‘అవ్వా, నీదే భారం’ అని దూకేశాడు.

ఆహా, ఆ తాటిమీద నుంచి చూడాలి ధూమపురి వైభవం! అష్టదిక్కులా ఆకాశాన్ని కుమ్ముతున్న వేయి పొగగొట్టాలు. ఆ గొట్టాల చివర నల్లని గొడుగుల్లా విచ్చుకున్న మేఘమండలాలు. ఎద్దులు లేకుండా ఉరికే బళ్ళు. చేతులు లేకుండా ఆడే మగ్గాలు. లోకంలోని పర్వతాలన్నీ ఒక్కసారి తుమ్మినట్టు మోగే సమ్మెటలు. మధ్యాహ్నపు వేళ కూడా దీపం పెట్టుకుని అన్నం తింటున్న పౌరులు! సూర్యుడు ఈ ఊరి మీదుగా పోయేటప్పుడు దగ్గుకుంటూ పోతాడని చెప్పుకుంటారు.

వాడు దిగేలోగా ఈ ఊరి కథ రెండు ముక్కల్లో చెప్పుకుందాం. కథ పొడుగైనదే గాని తాడు పొట్టిది.

నూట ఇరవయ్యేళ్ళ కిందట సముద్రానికి అవతల కుంభినీ దేశపు రాజు, తన రాజ్యంలో పనికిరాని వాళ్ళందర్నీ పోగేశాడు. శ్రుతి కలవని ఆస్థాన గాయకులు, పెళ్ళికొచ్చి తిరిగి వెళ్ళని చుట్టాలు, రాజుగారి కవిత్వానికి ఆవలించినవాళ్ళు, అత్తగారితో పడని ఇల్లరికపు అల్లుళ్ళు. అందర్నీ చిల్లులు పడ్డ ఏడు ఓడలెక్కించి, “ఎక్కడన్నా బతకండి” అని నెట్టేశాడు. ఆ ఓడలు ఈ ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఒడ్డున గట్టుదొర నిలబడి ఉన్నాడు. “దిగమంటారా?” అన్నారు వీళ్ళు, నాలుకలు పిడచకట్టి. “ఏం తెచ్చారు?” అన్నాడాయన. “ఏం కావాలి?” అన్నారు వీళ్ళు. గట్టు మీద దొరకనిది ఉప్పొక్కటే. గుప్పెడు ఉప్పు పుచ్చుకుని ఆయన దిగమన్నాడు. గట్టుజనం మర్యాద అది. దిగమంటారా అని అడిగినవాణ్ణి కాదనకూడదు, కావలసింది మాత్రం అడగొచ్చు. ఆ మర్యాదే వాళ్ళ కొంప ముంచింది.

మొదటి ఏట ఓడలవాళ్ళు గట్టుజనం పెట్టిన కొర్రన్నం తిని బతికారు. రెండో ఏడు కొర్రలు తామే పండించారు. మూడో ఏడు కంచె వేసి, “ఎవర్రా మా చేలో అడుగుపెట్టింది?” అన్నారు. ముప్పయ్యో ఏట కుంభినీ రాజు సుంకం అడిగితే, సుంకరిని బెల్లప్పాకంలో ముంచి, దూది అద్ది తిప్పి పంపించి, “మాకు మేమే రాజులం” అని డప్పు కొట్టుకున్నారు. మర్నాటి నుంచి తమ రాజుకు రెట్టింపు సుంకం కట్టారు. అయితేనేం, సొంత సుంకం! ఎనభయ్యో ఏట యంత్రభైరవుడు పొగరాయుణ్ణి తెచ్చి కొలిమిలో కూర్చోబెట్టాడు. ఇక పట్టపగ్గాలున్నాయా! ఒక్కొక్క గట్టూ కరిగి మేకులైంది, నాగళ్ళైంది, కత్తులైంది. ఇవాళ కుంభినీ రాజు సింహాసనానికి మేకు ఊడినా ధూమపురి మేకే కావాలి.

ఇంతలో ఎగిరొచ్చిన నిప్పురవ్వ ఒకటి తాటికి అంటుకుంది. తాడు పుటుక్కున తెగింది. మోదుగన్న ఒక పూరికప్పులో నుంచి దూసుకుపోయి, గుమ్మడికాయ పడ్డట్టు దబ్బున ఒక బుట్టలో పడ్డాడు. బుట్ట నిండా నెమలీకలు, గవ్వలు, పీచు గడ్డాలు.

“ఇదిగో, ఇంకొకడొచ్చాడు! వరసలో రావాలని తెలీదూ?” అని ఎవరో కసిరారు.

అది నౌకోత్సవం వేషాల కొట్టం. కసిరినవాడు ఉత్సవాధికారి తాండవమూర్తి. ఇరవై రెండేళ్ళుగా గట్టుదొర వేషం కడుతున్న పానకాలు తాత గొంతు ఈ ఏడు కొలిమిపొగకు పూర్తిగా పోయింది. ఆయన చోటికి కొత్తవాడి కోసం పోటీ నడుస్తోంది. బుట్టలో పడ్డవాణ్ణి కూడా పోటీకి వచ్చినవాడే అనుకున్నాడు తాండవమూర్తి. మోదుగన్న మనసులో అవ్వకు దండం పెట్టుకున్నాడు. వెతకబోయిన తీగ కాలికి తగిలింది.

“ఏదీ, గట్టువాడిలా నడువు.”

మోదుగన్న నడిచాడు. రోజూ నడిచినట్టే నడిచాడు.

తాండవమూర్తి ముఖం చిట్లించాడు. “ఛీ, ఛీ! గట్టువాళ్ళు అలా నడుస్తారటయ్యా? మూడు పుస్తకాలు రాశాను వాళ్ళమీద, నాకు తెలీదూ? సరే, గట్టువాడిలా మాట్లాడు.”

“అయ్యా, తమరు చల్లగుండాలి. దాహంగా ఉంది, కాసిని నీళ్ళిప్పిస్తారా?” అన్నాడు మోదుగన్న, తన ఊరి యాసలోనే.

“ఒక్క ముక్కలో కూడా గట్టుతనం లేదు! అవతలికి పో. అదిగో, ఆ మిఠాయికొట్టు గుంభనప్పను చూడు, ఎలా చేస్తున్నాడో!”

గుంభనప్ప బానలాంటి పొట్టను అటూ ఇటూ ఊపుకుంటూ, “హుంబ! హుంబ!” అని రెండు గెంతులు గెంతి ఆయాసపడ్డాడు. కొట్టమంతా చప్పట్లు. గట్టులో పుట్టి గట్టులో పెరిగినవాడు, గట్టువాడి వేషానికి పనికిరాకుండా పోయాడు! అక్కడ మూడువందల గడపలు ఈ ఒక్క వేషం మీద ఆధారపడి ఉన్నాయే!

మూలన కూర్చున్న పానకాలు తాత దగ్గుకుంటూ వాడి చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. “కూర్చో అబ్బాయ్. ఆకలిమీద ఉన్నావు, ఇంత సంకటి తిను,” అని బొంగురుగా అంటూ, ఆకులో సంకటీ ఉప్పూ పెట్టాడు.

మోదుగన్న చిటికెడు ఉప్పు తీసి, కళ్ళకద్దుకుని, నోట్లో వేసుకున్నాడు. తాత చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“మా అమ్మమ్మ కూడా ఇలాగే అద్దుకునేది,” అన్నాడు. ఆయన కళ్ళు తడయ్యాయి. “ఎందుకే అంటే, ఊరుకోరా, ఎవరన్నా వింటారనేది. ఈ ఊళ్ళో ఉప్పు కాళ్ళకింద తొక్కుతారు నాయనా. కళ్ళకద్దుకునేవాడు గట్టువాడొక్కడే. దేనికొచ్చావు?”

దాచి లాభం లేదని మోదుగన్న ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పానకాలు తాత బుట్టలోంచి ఒక పీచుగడ్డం తీసి వాడి చేతిలో పెట్టాడు.

“అయితే విను. నిజాన్ని ఈ బుట్టలో పడేసి రా. కాళ్ళు ఎడంగా పెట్టు. కళ్ళు గుండ్రంగా తిప్పు. ప్రతి మాటకూ ముందొక హుంబ, వెనకొక హుంబ. అడ్డమైన చోటల్లా గెంతు.”

“మావాళ్ళు చూస్తే నవ్విపోతారు తాతా!”

“మీవాళ్ళు చూడరుగా. చూసేవాళ్ళకు కావలసిందిదే. ఇరవై రెండేళ్ళు ఈ గెంతుల మీదే నా పిల్లల్ని సాకాను. సిగ్గు నాకు లేదనుకున్నావా?”

మోదుగన్న లేచాడు. సిగ్గు చంపుకుని ఎగిరాడు, గంతేశాడు, నేలమీద పొర్లాడు, కొట్టం గుంజెక్కి హుంబ అన్నాడు, దిగి హుంబ అన్నాడు. తాండవమూర్తి ఆనందంతో కుర్చీలోంచి లేచిపోయాడు. “అద్భుతం! అచ్చం గట్టువాడే! వీడికి కట్టండి కిరీటం!”

మర్నాడు పొద్దున్న నౌకోత్సవం.

కొలిమిలో కాలి మిగిలిన చిట్టెం పోసి పోసి సముద్రాన్ని ఆమడ దూరం నెట్టేశారు కాబట్టి, ఊరి నడుమ ఒక కుంట తవ్వి, మరలతో నీళ్ళు తోడి, మోకాలి లోతు సముద్రం తయారుచేశారు. అందులో చక్రాల మీద ఏడు బంగారు ఓడలు. మొదటి ఓడలో చక్రవర్తి గజకేతుడు, చిరుగులు పట్టుబట్టతో కుట్టించిన చింకిపంచె కట్టుకుని, ముత్తాతల దారిద్ర్యాన్ని నవరత్నాలతో అభినయిస్తున్నాడు. పక్కన యంత్రభైరవుడు, గొడ్డలిలాంటి ముక్కు, చేతిలో ఇనుపకర్ర. వెనక మహామంత్రి లాఘవమిత్రుడు. కుంట చుట్టూ లక్షమంది జనం. వాళ్ళందరి మీదా కొలిమిలోంచి వంగి చూస్తున్న పొగరాయుడు. ఏడాది మొత్తంలో సమ్మెటలు ఆగేది ఈ ఒక్క ఘడియే. అలవాటు లేని ఆ నిశ్శబ్దానికి పసిపిల్లలు జడుసుకుని ఏడుస్తున్నారు.

ఒడ్డున నెమలీకల కిరీటంతో మోదుగన్న. వాడి వెనక పొదలో, మాటలు మరిచిపోతే అందించడానికి పానకాలు తాత.

చక్రవర్తి ఓడ అంచు మీద నిలబడి, ఒక కాలు గాల్లో చాచి, కంఠతా వచ్చిన మాట అన్నాడు. “దూరం నుంచి వచ్చాం. దిగమంటారా?”

“ఏం తెచ్చారు?”

“ఏం కావాలి?” అని చక్రవర్తి పళ్ళెంలోంచి ఉప్పు గుప్పిట పట్టి, మోదుగన్న చేతిలో పోసేశాడు కూడా. జవాబు ఎప్పుడూ ఒకటేగా!

మోదుగన్న హుంబ అనలేదు. గెంతలేదు. గుప్పిట బిగించి నిటారుగా నిలబడి, తన గొంతుతో తను అన్నాడు: “తేనెగట్టు కావాలి.”

జనం నోళ్ళు తెరుచుకున్నాయి. “ఉప్పురా! ఉప్పనరా, నీ ఇల్లు బంగారం గానూ!” అని తాండవమూర్తి గుండెలు బాదుకున్నాడు. పొదలోంచి బొంగురుగొంతు వినబడింది. “తేనెగట్టే నాయనా. గట్టిగా అను.”

“తేనెగట్టు!” అని అరిచాడు మోదుగన్న.

యంత్రభైరవుడి ముఖం పాలిపోయింది. మాటకున్న బలం ఆ కుంటలో అతనికొక్కడికే తెలుసు. కర్ర విసిరాడు. కర్ర నల్లత్రాచై బుస్సున లేచి, మోదుగన్న మెడకు చుట్టుకుంది. పైనుంచి పొగరాయుడు ఒక్క ఉరుము ఉరిమాడు. “ఆయ్! అడిగినవాడికి జవాబు చెప్పకముందే చెయ్యెత్తుతావా?” త్రాచు కాస్తా గుప్పెడు తుప్పుమేకులై జలజల రాలింది.

మంత్రగాడు ఎత్తు మార్చాడు. “పొగరాయా, మోసపోకు! వీడు కూలికొచ్చిన వేషగాడు. వేషగాడు అడిగింది చెల్లదు!”

“ఓహో!” అన్నాడు భూతం. ఆ ఓహోకు వందమంది తలపాగాలు ఎగిరిపోయాయి. “చెల్లదా? మరి ఇరవై రెండేళ్ళుగా ఉప్పడిగిన పానకాలు ఎవరు? వాడూ వేషగాడే. వాడిదీ చెల్లదు. చెల్లని మాటకు ఇరవై రెండేళ్ళు నా చేత ఊరికే రాళ్ళు నమిలించావన్నమాట! చెప్పు భైరవా. వీడు వేషగాడైతే నేనిప్పుడే లేచిపోతాను. గట్టువాడైతే గట్టిచ్చెయ్. ఏదో ఒకటి తేల్చు.”

యంత్రభైరవుడు చక్రవర్తి వైపు చూశాడు. తాండవమూర్తి చేతులు జోడించాడు. “ప్రభూ, నిన్న నేనే చూశాను. వీడిలో గట్టుతనం బొత్తిగా లేదు!” “నోర్ముయ్!” అన్నాడు చక్రవర్తి. ఆయన కాలు ఇంకా గాల్లోనే ఉంది. తిమ్మిరెక్కింది కూడా. ఒక్క కొండకోసం ఇంత సామ్రాజ్యాన్ని పోగొట్టుకుంటాడా!

“ఇచ్చాం. తేనెగట్టు జోలికి మా వాళ్ళెవరూ రారు. ఇదే మా మాట. ఇక దిగమను!”

మోదుగన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవ్వ గెలిచింది. ‘దిగండి’ అనడానికి నోరు తెరిచాడు.

ధడేల్మంది. చప్పుడు ఊళ్ళోది కాదు, ఉత్తరం వైపునుంచి వచ్చింది. తేనెగట్టు ఉన్న దిక్కునుంచి. ఎర్రటి దుమ్ము ఆకాశానికి లేచింది.

చక్రవర్తి గిర్రున మంత్రి వైపు తిరిగాడు. లాఘవమిత్రుడు చేతులు నలుపుకున్నాడు. “ప్రభూ... పండగపూట రెండువేలమంది కూలీలు ఊరికే కూర్చుంటారేమోనని... పొద్దున్నే గట్టుకు తోలేశాను. ఒక రోజు కలిసొస్తుంది కదా అని...”

ఊరు ఊరంతా అలాంటిదే మరి. పండగ చేసుకునేటప్పుడు కూడా చేతులు ఖాళీగా ఉంచడం ఎరగనివాళ్ళు. ఆ ఒక్కరోజు కక్కుర్తికి నలభయ్యేళ్ళ కట్టు ఠప్పున తెగింది.

పొగరాయుడు లేచాడు. మహాకొలిమి గుడ్డుపెంకులా పగిలింది. వెయ్యి గొట్టాలు ఒక్కసారి ఆరిపోయాయి. తాటితోపంత పాదం ఒకటి పైకి లేచి, లక్షమంది నెత్తిన ఆగింది. జనం హాహాకారాలు చేశారు. పాదం ఇంకా కిందికి రాలేదు. భూతం వంగి, మోదుగన్న ముఖంలో ముఖం పెట్టాడు. నలభయ్యేళ్ళుగా ఏటేటా విని నేర్చుకున్న మాటే అడిగాడు.

“దిగమంటావా?”

“వద్దను! వద్దనవయ్యా బాబూ!” అని చక్రవర్తి ఓడలోంచి చేతులు జోడించాడు. నూట ఇరవయ్యేళ్ళలో ఆ వంశంవాడు గట్టువాడికి దండం పెట్టడం అదే మొదలు.

మోదుగన్న ఒక్క క్షణం ఆ జనాన్ని చూశాడు. వీళ్ళ కూలీలే అక్కడ తన గట్టును తవ్వుతున్నారు. ‘దిగు’ అంటే చాలు, అందరి లెక్కా తీరిపోతుంది. పొదలోంచి పానకాలు తాత దగ్గు వినబడింది. ఆ పక్కనే చీరచెంగు కింద పిల్లల్ని దాచుకుంటున్న తల్లి ఎవరో కనబడింది. వద్దని అనే హక్కు గట్టువాడికి లేదు. కావలసింది అడిగే హక్కుంది.

“ఏం తెచ్చావు?” అన్నాడు.

భూతం నల్లపళ్ళు ఇకిలించాడు. “నా దగ్గరేముంది? భుజాలు. ఏం కావాలి?”

“ఆ భుజం మీద నన్నూ ఈ తాతనూ ఎక్కించుకుని తేనెగట్టుకు పరిగెత్తాలి. దారిలో ఒక్క ఇల్లు తొక్కకూడదు. ఒక్క మనిషిని తొక్కకూడదు.”

“ఒక్క ఇల్లూ తొక్కకుండానా? ఈ ఊళ్ళో కాలు పెట్టే సందెక్కడ ఉంచార్రా!”

“అది నీ తిప్పలు. దిగు!”

పొగరాయుడు ఆకాశం అదిరేలా నవ్వి, ఇద్దర్నీ పువ్వుల్లా తీసి భుజాన పెట్టుకుని, కొనవేళ్ళ మీద వీధులు దాటుకుంటూ ఉరికాడు. వెనకనుంచి చక్రవర్తి కేక వినబడుతూనే ఉంది. “ఒరే! మమ్మల్ని దిగమని పోరా! ఎవరన్నా దిగమనండర్రా!” ఆ మాట అనడానికి ఒడ్డున గట్టువాడెవడూ మిగల్లేదు. మోకాలి లోతు సముద్రంలో, ఒంటికాలి మీద ఆయన అలాగే నిలబడ్డాడు.

నాలుగు అంగల్లో తేనెగట్టు కనబడింది. గట్టు పక్క చీలి ఎర్రగా ఉంది. తేనెటీగలు మేఘంలా లేచి తిరుగుతున్నాయి. రెండువేల గడ్డపారలు ఎత్తినవి ఎత్తినట్టే ఆగి ఉన్నాయి. వాటికి ఎదురుగా, దారికి అడ్డంగా, రాతిమీద కాళ్ళు చాపుకుని తుమ్మెదవ్వ ఒక్కతే కూర్చుని ఉంది. గాలివాటుకు ఆమె గొంతు స్పష్టంగా వినవచ్చింది.

“ఏం తెచ్చారు నాయనా?” అని అడుగుతోంది.

కూలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ వెనకున్న మేస్త్రీ కొరడా ఎత్తి, “ముసల్దాన్ని లాగి పారెయ్యండి!” అని అరిచాడు. పైన భూతం భుజం మీద మోదుగన్న గుప్పిట విప్పి చూసుకున్నాడు. చక్రవర్తి పోసిన ఉప్పు చెమటకు తడిసి ఇంకా అరచేతిలోనే ఉంది. దాన్ని కళ్ళకద్దుకుని, భూతం చెవి పట్టుకుని, “దూకు!” అన్నాడు.